మంచు ఊరికి మలేరియా పెట్టిన సమ్మయ్య

సమ్మయ్యను మేనేజర్ చేసిన రోజు అతని కుర్చీని మూడో అంతస్తుకు మోసింది నేనే. కింద చక్రాలున్న నల్లటి ఆఫీసు కుర్చీ, తల ఆనించుకోవడానికి పైన మెత్త కూడా ఉంది. మెట్లేమో ఇరుకు. ప్రతి మలుపులో కుర్చీ గోడకు తగిలి ఆగేది. పైనుంచి సమ్మయ్య తొంగిచూసి, "బాలిగా, మెల్లగ రా, చక్రం ఇరుగుతది" అన్నాడు. నా నడుము సంగతి అడగలేదు.

ఇది ఖమ్మంలో, వైరా రోడ్డు మీద, కింద బట్టల షాపు ఉన్న ఒక బిల్డింగులో. 2008 చలికాలం. సమ్మయ్య గురించి రాయమంటే మా వైపు ఎవరైనా పొగుడుతూ రాస్తారు. నేను పొగడను. వాడంటే నాకు కుళ్ళు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చదవడం సులువు.

మాది బూర్గంపాడు. వాళ్ళది అక్కణ్ణుంచి లోపలికి, అడవి అంచున ఉన్న కోయవాళ్ళ చిన్న పల్లె, మా వైపు గుంపు అంటాం. వాళ్ళ నాన్న బొజ్జయ్యకు పోడు చేను ఉంది, జొన్నా పత్తీ వేస్తాడు. ఎండాకాలం వాళ్ళమ్మ గంగక్క తునికాకు కోతకు పోతుంది. సమ్మయ్య ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్‌కు భద్రాచలం వచ్చి, నా పక్క బెంచీలో కూర్చున్నాడు. నా రికార్డు చూసే వాడు బొమ్మలు వేసుకునేవాడు. కప్ప గుండె బొమ్మ వాడికంటే నేనే బాగా వేసేవాణ్ణి, వాడు కూడా ఒప్పుకుంటాడు. తర్వాత ఇద్దరం ఖమ్మంలో బీఎస్సీలో చేరాం. రెండో సంవత్సరం ఇద్దరికీ కెమిస్ట్రీ పోయింది. వాడు మళ్ళీ రాశాడు. నాకు రాయబుద్ధి కాలేదు, కాలేజీ మానేశాను. మా ఇద్దరి మధ్య తేడా అంతే. ఆ తేడా మీద మా నాన్న ఏళ్ళ తరబడి మాట్లాడాడు, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

డిగ్రీ అయ్యాక సమ్మయ్య హైదరాబాద్ పోయి మెడికల్ కోడింగ్ నేర్చుకున్నాడు. అది కంప్యూటర్లో డాక్టర్ పని అని మా నాన్నకు ఎవరో చెప్పారు. కాదు. అమెరికాలో డాక్టర్ పేషంటును చూసి, ఏం జబ్బో, తనేం చేశాడో రాస్తాడు. ఆ రాతను చార్టు అంటారు. ఇక్కడ కూర్చుని ఆ చార్టు చదివి, జబ్బుకో నంబరు, వైద్యానికో నంబరు వేయాలి. ఆ నంబర్లు చూసి అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ డాక్టరుకు డబ్బిస్తుంది. ఇందులో అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది: డాక్టర్ తేల్చి రాసిన జబ్బుకే నంబరు. ఫలానా జబ్బేమో అని అనుమానంగా రాస్తే దానికి వేయకూడదు. జ్వరమంటే జ్వరం, దగ్గంటే దగ్గు, అంతవరకే. మన తెలివి కలపకూడదు. సొంత తెలివి వాడనందుకు జీతమిచ్చే ఉద్యోగం వాడికి దొరికి నాకెందుకు దొరకలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

సర్టిఫికెట్ పరీక్ష వాడు మొదటిసారి తప్పాడు. ఆ కబురు విన్న సాయంత్రం నేను మిరపకాయ బజ్జీలు తిన్నాను, చాలా రుచిగా ఉన్నాయి. రెండోసారి పాసయ్యాడు. ముందు కోడర్, తర్వాత పక్కవాళ్ళ పని దిద్దే ఆడిటర్, ఆ తర్వాత టీమ్ లీడర్ అయ్యాడు. అక్కడినుంచి మేనేజర్ కావడమే కష్టమట.

"కోడింగ్ వచ్చినోళ్ళు బొచ్చెడు మంది దొరుకుతర్రా. మందిని కూర్చోబెట్టి పని చేపిచ్చేటోళ్ళే దొరకరు" అని ఫోన్లో చెప్పేవాడు. నేను బూర్గంపాడు సెంటర్లో సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం ముందు నిలబడి వినేవాణ్ణి.

ఖమ్మంలో ఆఫీసు పెట్టే ఆలోచన వాడిదే. హైదరాబాద్‌లో పని నేర్చుకున్న పిల్లలు ఆరు నెలలు తిరక్కముందే ఇంకో కంపెనీకి దూకుతున్నారు, మా జిల్లాలో బీఎస్సీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు, కిరాయిలు తక్కువ అని వాడు పైవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడట. కంపెనీ మూడు నెలలు చూస్తామంది. పిల్లలు చేసిన చార్టుల్లో నూటికి తొంభై అయిదు తప్పు లేకుండా ఉంటే ఆఫీసు నిలుస్తుంది, సమ్మయ్య మేనేజర్‌గా పర్మనెంట్ అవుతాడు. లేకపోతే తాళం. పిల్లలందరూ ఇళ్ళకు పోవాలి, సమ్మయ్య మళ్ళీ హైదరాబాద్ పోయి పాత బెంచీలో కూర్చోవాలి.

నాకు ఉద్యోగం ఇచ్చింది కూడా వాడే. దాని పేరు ఫెసిలిటీ అసిస్టెంట్. కరెంటు పోతే జెనరేటర్ వేయాలి, నీళ్ళ క్యాన్లు ఎక్కించాలి, హాస్టళ్ళ నుంచి పిల్లల్ని వ్యానులో తేవాలి. మా నాన్న సమ్మయ్యకు ఫోన్ చేసి, "నీ రుణం ఉంచుకోను బిడ్డా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

వాడి పని ఏమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. పొద్దున చార్టులు పంచుతాడు. ఎవరు వెనకబడ్డారో చూస్తాడు. ఇద్దరు అమ్మాయిలకు పడకపోతే వేరే వేరే వరసల్లో కూర్చోబెడతాడు. హైదరాబాద్ ఆడిటర్ తప్పని గుర్తు పెడితే, పుస్తకంలో పేజీ చూపించి కాదని వాదించి, మార్కు వెనక్కి గుంజుకొస్తాడు. అది గెలిచిన రోజు హాల్లోకి వచ్చి, "సాధించినం!" అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను జెనరేటర్ వేసినప్పుడు ఎవరూ కొట్టరు.

ఒకసారి గంగక్క చింతపండు మూట పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. కొడుకు ఆమెను క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. ఆమె అద్దంలోంచి హాలు వైపు చాలాసేపు చూసింది.

"గా పిల్లలంత టీవీలు జూస్తుండ్రు. నువ్వేం జేస్తవ్ రా?"

"వాళ్ళు మంచిగ చూస్తుండ్రా లేదా అని నేను చూస్తనే."

"గంతేనా? గందుకు జీతమా?"

నేను గట్టిగా నవ్వాను. ఇన్నాళ్ళూ నేను అనలేకపోయిన మాట ఆమె ఒక్క ముక్కలో అనేసింది. సమ్మయ్య కూడా నవ్వాడు. అదే నాకు నచ్చదు, వాడికి తగలదు.

పిల్లల్లో చురుకైనది నాగలక్ష్మి. ఆమెదీ మా వైపే, ఇంకా లోపలి కోయ ఊరు. ఆ ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. ఏది నేర్చుకున్నా తన దగ్గర దాచుకోదు, వరస మొత్తానికి చెబుతుంది. అందుకని అందరూ సమ్మయ్య దగ్గరికి పోయేముందు ఆమెనే అడిగేవాళ్ళు.

జనవరి వచ్చింది. మూడు నెలల గడువు దగ్గరపడుతోంది. ఆ నెల వచ్చిన చార్టులన్నీ అమెరికాలో ఏదో చలి ఊరివి. అక్కడ జలుబులూ జ్వరాల కాలమట. నేను క్యాబిన్‌లోకి నీళ్ళ క్యాన్ తీసుకుపోయిన ఒక మధ్యాహ్నం, సమ్మయ్య ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని హైదరాబాద్‌తో మాట్లాడుతున్నాడు. నాగలక్ష్మి తలుపు దగ్గరికి వచ్చింది.

"సార్, చలిజ్వరం. వణుకు, ఒళ్ళు నొప్పులు. డాక్టర్ రక్తపరీక్షకు పంపిండు. రిపోర్టు లేదు. ఏం పెట్టాలె?"

సమ్మయ్య ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "చలిజ్వరమే కదా? మలేరియా పెట్టెయ్" అన్నాడు. మళ్ళీ ఫోన్లో పడ్డాడు.

ఆ అమ్మాయి తలూపి పోయింది. నేను క్యాన్ తిరగేసి పెట్టాను. నిజం చెప్పాలంటే నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. మా వైపు చలిజ్వరానికి ఇంకో పేరు లేదు. వానలు పడితే మలేరియా వర్కర్ ఇంటింటికీ వస్తాడు. వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకుంటాడు. రిపోర్టు సంగతి తర్వాత, ముందు బిళ్ళలు మింగమంటాడు. రిపోర్టు వచ్చేసరికి మనిషి లేచి చేనుకు పోయి ఉంటాడు. సమ్మయ్య, నాగలక్ష్మి, నేను ముగ్గురం ఆ చేదు బిళ్ళలు మింగి పెరిగినవాళ్ళమే. మా ఒంట్లో ఉన్న వైద్యం అది. పుస్తకం చదివితే పోయేది కాదు.

నాగలక్ష్మి పోయి వరస మొత్తానికి చెప్పింది. పెనుబల్లి నుంచి వచ్చిన సంతోష్ ఒక్కడు, "రిపోర్టు లేకుండ ఎట్ల పెడ్తం అక్కా?" అన్నాడట. ఆమె "సార్ చెప్పిండు" అనబోయి, ఎందుకో, "పెట్టు, నేను చెప్తున్న కదా" అందట. ఆ వారమంతా వణుకుతూ వచ్చిన ప్రతి అమెరికావాడికీ మా పిల్లలు మలేరియా పెట్టారు.

తర్వాతి వారం హైదరాబాద్ నుంచి ఉషారాణి మేడమ్ వచ్చింది. సమ్మయ్య పైన ఆఫీసరు. స్టేషన్ నుంచి నేనే వ్యానులో తెచ్చాను. దారంతా చార్టుల కట్ట తిరగేస్తూనే ఉంది. మెట్లు ఎక్కుతుండగానే కరెంటు పోయింది. జెనరేటర్ మీద ఏసీ ఆడదు కాబట్టి క్యాబిన్ తలుపు తెరిచే ఉంచమంది. నేను టీ తీసుకుపోయి అక్కడే నిలబడ్డాను. పొమ్మని ఎవరూ అనలేదు.

"సమ్మయ్యా, ఆ ఊళ్ళో ఇప్పుడు మోకాలిలోతు మంచు" అంది మేడమ్. "దోమ బతకదు. మీ పిల్లలు ఊరు ఊరంతటికీ మలేరియా తెప్పించారు. మనకు పని ఇచ్చే అమెరికా క్లయింటు మొదట నవ్వాడు. నవ్వడం అయ్యాక, ఈ సెంటర్ మాకొద్దన్నాడు."

సమ్మయ్య ముందున్న చార్టు తీసుకుని చదివాడు. ఇంకోటి చదివాడు. రెండోదాన్ని మధ్యలోనే బల్ల మీద పెట్టేశాడు. తను అన్న మాట వాడికి అప్పుడే గుర్తొచ్చింది.

మేడమ్‌కు వాడంటే మంచి అభిప్రాయమే. గొంతు తగ్గించి దారి కూడా ఆమే చెప్పింది. "మొదలుపెట్టింది నాగలక్ష్మి అని సంతోష్ చెప్పాడు. ఆ అమ్మాయిని తీసేద్దాం. ఆమె మాట విని చేసినవన్నీ ఆమె తప్పుల కింద పక్కన పెడదాం. అప్పుడు మిగతా సెంటర్ పాసవుతుంది. నీ పర్మనెంట్ ఆర్డర్ మీద ఇవాళే సంతకం పెట్టి పోతాను."

నాగలక్ష్మిని పిలిచారు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అందరికీ నువ్వే చెప్పావా?"

"అవ్ మేడమ్. నేనే చెప్పిన."

"నీకెవరు చెప్పారు?"

ఆ అమ్మాయి సమ్మయ్య వైపు చూడలేదు. చూస్తే దొరికిపోతాడని చూడలేదు. "మా దగ్గర గట్లనే అంటరు మేడమ్" అంది.

నా చేతిలో టీ ట్రే ఉంది. కప్పులు కదలకుండా పట్టుకోవడం కష్టమైంది, అంత సంతోషంగా ఉంది నాకు. వీడు ఇప్పుడు నోరు మూసుకుంటాడు అనుకున్నాను. ఎవడైనా మూసుకుంటాడు. రేపటి నుంచి వీడు పర్మనెంట్ మేనేజరే, జీతం పెరుగుతుంది, అడవిలోంచి వచ్చిన ఒక పిల్ల తిరిగి అడవికి పోతుంది. పెట్టెయ్ అన్న వాడి మాట విన్నది, ఆ పిల్ల కాక, నేనొక్కణ్ణే. ఇక బతికినంత కాలం మా నాన్న "సమ్మయ్యను చూడు" అన్నప్పుడల్లా నేను లోపల నవ్వుకోవచ్చు. దేవుడా, మూసుకోనీ అనుకున్నాను.

సమ్మయ్య తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత మేడమ్ వైపు తిరిగాడు.

"ఆ పిల్లకు చెప్పింది నేను మేడమ్. ఫోన్లో ఉండి, చార్టు చూడకుండ, మలేరియా పెట్టెయ్ అన్న."

మేడమ్ టీ కప్పు కింద పెట్టింది. "నువ్వా? ఆడిటర్‌గా చేసినవాడివి!"

"నేనే. బుద్ధి తక్కువై అన్న."  కానీ అక్కడితో ఆగితే వాడు సమ్మయ్య ఎందుకవుతాడు? గ్లాసెడు నీళ్ళు తాగి, మార్కుల కోసం ఆడిటర్లతో వాదించే గొంతు తెచ్చుకున్నాడు. "మేడమ్, ఇది పిల్లలు చేసిన తప్పు కాదు, చెప్పినోడి తప్పు. ఒకటే తప్పు అన్ని చార్టుల్ల పడ్డది. ట్రైనింగ్ తప్పు కింద ఒక్కటిగ రాయండి. పిల్లల మార్కుల్ల కలపొద్దు. ఆ చార్టులన్ని మళ్ళా చేసిస్తం, పైసా అడగం. గట్ల రాస్తే సెంటర్ నిలుస్తది."

"నిలుస్తుంది" అంది మేడమ్. "కానీ కారణం అన్నచోట నీ పేరు రాయాలి. అది చూశాక నిన్ను మేనేజర్‌గా క్లయింటు ఒప్పుకోడు. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఈ పిల్లది రాస్తే ఏ గొడవా లేదు."

"అదీ తెలుసు."

అట్లాగే రాశారు. ఆఫీసు నిలిచింది. నాగలక్ష్మి నిలిచింది. మేనేజర్‌గా హైదరాబాద్ నుంచి ఇంకొకాయన వస్తాడన్నారు. సమ్మయ్యను పిల్లలకు పని నేర్పే ట్రైనర్‌గా ఉంచారు, జీతం తగ్గించి, హాల్లో కిటికీ పక్కన ఒక మామూలు సీటు ఇచ్చి.

మేడమ్‌ను రైలెక్కించి వచ్చేసరికి సమ్మయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడి పక్కన కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే అడిగాను.

"ఎందుకు చెప్పినవ్ రా? ఆ పిల్ల నీ పేరు ఎత్తలే కదా."

"నువ్వు ఎత్తుతవ్ కదా."

"నేనా?"

"నీళ్ళ క్యాన్ పట్టుకొని ఆడనే ఉన్నవ్. విన్నవ్. ఇయ్యాళ కాకపోతే ఎప్పుడో ఒకనాడు, తాగిన్నాడో కోపమొచ్చిన్నాడో, నలుగురిల చెప్తవ్. చెప్పవా?"

చెప్పను అందామనుకున్నాను. కానీ "చెప్తుంటి" అన్నాను.

"మరి? నీ నోట్లె నానుడు కంటే నేనే చెప్పుకునుడు నయమనిపిచ్చింది."

వాడు ఎగతాళిగా అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తేలలేదు. నీతి కోసం చెప్పానని అని ఉంటే నాకు తిట్టుకోవడానికి వీలుండేది. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

వాడే లేచి ప్యాంటు దులుపుకుంటూ, "ఆదివారం ఊరికి రా నా తోటి" అన్నాడు. "మా నాయనకు నువ్వే చెప్పాలె. మేనేజర్ అయిన్నని గుంపంత చెప్పుకున్నడు. నాకు నోరు రాదు."

"నేనెందుకు చెప్పాలె?"

"నీకైతే చెప్పబుద్ధయితది."

పోయాను. బస్సులో దారి పొడుగునా చెప్పాల్సిన మాట లోపల పేర్చుకుంటూనే ఉన్నాను. సమ్మయ్య కిటికీ వైపు మొహం తిప్పి కూర్చున్నాడు. బూర్గంపాడు నుంచి ఆటో, ఆటో ఆగిన చోటు నుంచి నడక. బొజ్జయ్య ఇంటి ముందు మంచానికి నులక అల్లుతున్నాడు. గంగక్క లోపలికి పోయి గిన్నెలు సర్దుతోంది. సమ్మయ్య పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, నేలవైపు చూస్తూ.

"కాకా" అన్నాను, "సమ్మయ్య మేనేజర్ పోస్టు పోయింది."

బొజ్జయ్య చేతిలో నులక వదల్లేదు. "ఏం జేసిండు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. మంచు ఊరు, మోకాలిలోతు మంచు, దోమ లేకపోవడం, క్లయింటు నవ్వడం, ఒక్కటీ వదల్లేదు. నా గొంతు నాకే హుషారుగా వినిపించింది. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. తెలుగు సరిగా రానివాళ్ళకు ఒక కుర్రది కోయలో చెబుతోంది.

అంతా విని బొజ్జయ్య నులక ముడి వేసి పక్కన పెట్టాడు.

"చలిజ్వరమేనా?"

"అవ్ కాకా."

"వణుకుడు ఉన్నదా?"

"ఉన్నది."

"నెత్తురు దీసుకపోయిండ్రా?"

"తీసుకపోయిండ్రు."

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళతో కోయలో ఏదో అన్నాడు. ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఎర్రమ్మ అనే ముసలామె గట్టిగా ఏదో అంది, అందరూ ఔనన్నట్టు గొణిగారు. బొజ్జయ్య నా వైపు తిరిగాడు.

"మరి మలేరియా కాకపోతే ఏందిరా అది?"

"అక్కడ డాక్టర్ గట్ల రాయలేదు కాకా."

"రాయకపోతే ఆనికి తెల్వదన్నట్టు."

గంగక్క గుమ్మంలోకి వచ్చింది. "ఆళ్ళకు బిళ్ళలిచ్చిండ్రా?"

"బిళ్ళలు మనం ఇయ్యం చిన్నమ్మా. నంబరే ఏస్తం."

"జరమొచ్చినోళ్ళకు బిళ్ళలియ్యక నంబరేసుడేందిరా! చచ్చిపోతరు." ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఆ కోపం కొడుకు మీద కాదు, ఎక్కడో మంచులో ఉన్న డాక్టర్ మీద. కొడుకు దగ్గరికి పోయి చెయ్యి పట్టి గుంజి, "నిలబడ్డవేంది, కూసో. తిందువు" అంది. సమ్మయ్య కూర్చోలేదు. మోచేత్తో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు కనిపించలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

నేను వాడి ఓటమిని చెప్పడానికి వచ్చాను. ఆ గుంపులో ఒక్కరు కూడా దాన్ని ఓటమి కిందికి తీసుకోలేదు. అమెరికాలో డాక్టర్‌దే తప్పని అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పేశారు. నేను కాలేజీ వదిలి ఇంటికి వచ్చిన రోజు మా నాన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అన్నం తినకుండా పడుకున్నాడు. సమ్మయ్య జీతం మీద కుళ్ళు నేను ఎప్పుడో అలవాటు చేసుకున్నాను, దాంతో బతకొచ్చు. ఇది వేరే రకం. ఇది లోపల ఎక్కడ పట్టుకుందో చెయ్యి పెట్టి చూపించలేను.

గంగక్క రెండు ఆకుల్లో జొన్న రొట్టె, చింతాకు పప్పు పెట్టింది. ఒకటి నా ముందుకు జరిపింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. బొజ్జయ్య వాళ్ళను ఆగమని చెయ్యెత్తి, నన్నే చూస్తూ అడిగాడు.

"నువ్వు గూడ చదువుకున్నోనివే కద బిడ్డా. గా కుర్చీల నువ్వుంటే ఏం పెడుదువు?"

గుంపంతా నా నోటివైపు చూసింది. సమ్మయ్య కూడా మోచెయ్యి దించి చూశాడు.

"మలేరియానే కాకా" అన్నాను.